ఆదివారం రావాల్సిన వార్త

ఆ ఎండాకాలం మా ఇంట్లో అందరం గద్వాల జట్టు గెలవాలని కోరుకున్నాం. అలాంటి జట్టు భూమ్మీద ఎక్కడా లేదు, శ్రుతి కంప్యూటర్లో తప్ప.

ఫిబ్రవరిలో ఎర్రవల్లి దగ్గర మా నరేందరన్న నడుపుతున్న బండి జారి ఇద్దరం పడ్డాం. అన్నకు మోచేతులు గీరుకుపోయాయి. నా కుడి మోకాలు బండి కింద నలిగింది. కర్నూలు దవాఖానలో ఆపరేషన్ చేసి, లోపల స్టీలు పలక బిగించి పంపారు. ఇంటికి తెచ్చాక నా మంచం మగ్గం గదిలో వేశారు, ఎందుకంటే మా ఇంట్లో పగలంతా మనుషులుండేది అక్కడే. ఒక పక్క నాయిన మగ్గం గుంతలో కాళ్ళు పెట్టుకుని చీర నేసేవాడు. ఇంకో పక్క అమ్మ రాట్నం ముందు కూచుని దారం కండెలు చుట్టేది. మధ్యలో నేను పైకప్పు చూస్తూ పడి ఉండేదాన్ని.

నేను బేస్‌బాల్ ఆడేదాన్ని. ఆ ఆటలో బంతి విసిరేవాళ్ళు పిచర్. కొట్టేవాళ్ళ వెనక గొంతుక్కూచుని ఆ బంతి పట్టేవాళ్ళు క్యాచర్. వనపర్తి హాస్టల్లో ఎనిమిదో తరగతి నుంచీ శ్రుతి పిచర్, నేను క్యాచర్. ఏ బంతి వేయాలో నేను వేళ్ళతో సైగ చేస్తే, తను తల ఊపి అదే వేసేది. నేరుగా వస్తుందనుకున్న బంతి వంకర తిరిగితే క్యాచర్ వేళ్ళు విరుగుతాయి. అందుకే పిచర్ మాట తప్పకూడదు. శ్రుతి ఎప్పుడూ తప్పలేదు. డిగ్రీ అయ్యాక తను ఆట మానేసి, బిజినేపల్లిలో వాళ్ళ మామ పెట్టిన కంప్యూటర్ సెంటర్లో పనికి కుదిరింది. నేను మానలేదు. రాష్ట్ర జట్టుకు ఆడుతూనే ఉన్నాను.

మార్చిలో ఒకరోజు శ్రుతి లాప్‌టాప్ సంచి భుజాన వేసుకుని వచ్చింది.

"పండుకొని పండుకొని పిచ్చి లేస్తుందే," అన్నాను.

"ఆడుకుందాం, లే."

"కాలు జూసినవా?"

"కాలుతోని గాదు," అంటూ మంచం మీద నా పక్కనే కూచుని లాప్‌టాప్ తెరిచింది. "ఇందుల జట్లు మనమే చేసుకోవచ్చు. ఒక్కో ఆటగానికి పేరు పెట్టాలె. ఎంత బలంగ కొడ్తడు, ఎంత ఉరుకుతడు, అన్ని మనమే ఇయ్యాలె. ఆట మాత్రం మన చేతుల ఉండది. కంప్యూటర్ ఆడిస్తది."

"మరి ఎవరు గెలుస్తరు?"

"దానిష్టం. నాకు గూడ తెల్వదు."

హాస్టల్లో మాతో ఆడిన అమ్మాయిల్ని కలుపుకుని ఆరు జట్లు చేశాం. గద్వాల నాది, బిజినేపల్లి శ్రుతిది, లింగాల సింధూజది. వనపర్తి, నాగర్‌కర్నూల్, అమరచింత మిగతా ముగ్గురివి. దానికి పాలమూరు లీగ్ అని పేరు పెట్టాం. ప్రతి శనివారం సాయంత్రంలోగా ఎవరెవరు ఆడతారో నేను శ్రుతికి రాసి పంపాలి. ఆదివారం పొద్దున కంప్యూటర్ ఆట ఆడిస్తుంది. మధ్యాహ్నానికి శ్రుతి వార్తలు రాసి గ్రూపులో పెడుతుంది.

నా జట్టులో ఆడా మగా కలిసే ఆడేవాళ్ళు. పిచర్ భీమమ్మ. క్యాచర్ జోగులమ్మ. నేను పేర్లు పైకి చదువుతుంటే నాయిన మగ్గం ఆపి తల తిప్పాడు.

"ఒక పేరు నేను పెట్టొచ్చా బిడ్డా?"

"పెట్టు నాయినా."

"బుచ్చన్న. మనిషి బారుగుంటడు. భుజాలు గట్టివి."

బుచ్చన్న నాయిన పక్క మగ్గం మీద ఎన్నో ఏళ్ళు నేసి, కరోనాలో పోయిన స్నేహితుడు. నేను అతనికి బలం ఎక్కువిచ్చి, ఉరుకుడు తక్కువిచ్చాను. నాయిన ఒప్పుకున్నాడు. బుచ్చన్న నడిస్తేనే ఆయాసపడేవాడట.

మొదటి రెండు వారాలూ ఓడిపోయాం. అవి చిన్న ఓటములు కూడా కావు. మామూలుగా ఉన్నప్పుడైతే నవ్వి ఊరుకునేదాన్నేమో. మంచం మీద ఉన్న మనిషికి అదీ బరువే. రెండో ఆదివారం గోడవైపు తిరిగి పడుకున్నాను. అమ్మ తెచ్చిన రొట్టె ముట్టలేదు. మోకాలు ముడిచే కసరత్తు రోజూ చేయమన్నారు, అది కూడా వదిలేశాను. అన్న దుకాణం నుంచి వచ్చి గడపలో నిలబడి నన్ను చూసి వెళ్ళిపోయాడు. అన్న ఊళ్ళోనే ఒక బట్టల దుకాణంలో పనిచేస్తాడు.

మూడో వారం నుంచి గద్వాల గెలవడం మొదలుపెట్టింది.

శ్రుతి వార్తలు బాగా రాసేది. "లింగాల గాలికి భీమమ్మ బంతి ఇంకా వంకర తిరిగింది. లింగాలవాళ్ళు గాలిని కొట్టి గాలితోనే ఇంటికి పోయారు," అని రాస్తే అమ్మ కూడా రాట్నం ఆపి నవ్వేది. ఆదివారం మధ్యాహ్నాలు నేను పైకి చదవడం, నాయిన దారం నడిపే నాడె చేతిలో పట్టుకుని వినడం అలవాటైపోయింది. పక్కింటి మగ్గాలవాళ్ళు నీళ్ళు తాగడానికి వచ్చి, "మనోళ్ళు గెలిచిన్రా?" అని అడిగి పోయేవాళ్ళు. బేస్‌బాల్‌లో తొమ్మిది ఇన్నింగ్స్ ఉంటాయనీ, ముగ్గురు ఔటైతే ఒక జట్టు వంతు అయిపోతుందనీ మా వీధిలో అందరికీ తెలిసింది. నాయిన నాకు సలహాలివ్వసాగాడు. భీమమ్మను ఎక్కువసేపు వేయించకు, చెయ్యి గుంజుతది, అనేవాడు. నాకు మళ్ళీ ఆకలి పుట్టింది. ఏడుపొచ్చే నొప్పిలో కూడా మోకాలు ముడిచేదాన్ని. దసరాకల్లా మునుపటి లెక్క గొంతుక్కూచుంటావని డాక్టరు చెప్పాడని కర్నూల్లో అన్నే నాతో అన్నాడు. డిసెంబర్లో జాతీయ పోటీలకు సెలక్షన్స్ ఉన్నాయి. నేను వాటికోసం బతుకుతున్నాను.

ఏప్రిల్ చివర్లో అమరచింత నుంచి ఫోన్ వచ్చింది. అక్కడ ఆడపిల్లల బడి ఒకటి ఉంది, హాస్టల్‌తో సహా. హెడ్‌మిస్ట్రెస్ మాట్లాడింది.

"జూన్ నుంచి మా పిల్లలకు బేస్‌బాల్ నేర్పడానికి మనిషి కావాలమ్మా వనజా. నీ పేరే అనుకున్నాం. కాలు సంగతి తెలుసు. కుర్చీలో కూచుని చెప్పినా చాలు. వస్తావా?"

"మీరు అడిగినందుకే సంతోషం మేడం. కాని నేనింకా ఆడుతున్న. దసరాకల్లా బాగైతదన్నరు."

"తొందరేం లేదు, ఆలోచించుకో."

"ఆలోచించిన మేడం. ఇప్పుడు నేర్పనీకె వస్తే నా ఆట పోతది."

నేను మాట్లాడుతున్నప్పుడు మగ్గం ఆగింది. రాట్నం ఆగింది. అన్న గడప దగ్గర చెంబు నోటి దగ్గర పెట్టుకుని అలాగే నిలబడ్డాడు. ఫోన్ పెట్టేశాక ముగ్గురి వైపూ చూసి నవ్వాను. నన్ను చూసి గర్వపడుతున్నారనుకున్నాను. నాయిన ముందుగా తల తిప్పుకున్నాడు. మగ్గం మళ్ళీ మొదలైంది.

మే నెల ఆఖరుకు సీజన్ సగానికొచ్చింది. గద్వాల అందరికన్నా పైన ఉంది. ఆ ఆదివారం వనపర్తితో ఆట. శుక్రవారం నుంచీ నాకూ నాయినకూ వాదన జరుగుతోంది. బుచ్చన్న వయసు మీదపడినవాడు. సగం సీజన్ అయ్యేసరికి అతని అలసట ఎక్కువగా కనపడుతోంది. ఈ ఒక్క ఆటకు పక్కన కూచోబెట్టి తిమ్మప్పను దింపుతానన్నాను. నాయిన ఒప్పుకోలేదు.

శనివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక గ్రూపులో పెద్ద సందేశం వచ్చింది. పైన 'అర్ధ సీజన్ ప్రత్యేక వార్తలు' అని ఉంది. అలవాటు ప్రకారం పైకి చదివాను.

"సగం సీజన్ ముగిసేసరికి గద్వాలను అందుకునే జట్టు కనపడటం లేదు. ఆదివారం వనపర్తిపై ఐదు–నాలుగుతో గెలిచి తన స్థానం పదిలం చేసుకుంది. తొమ్మిదో ఇన్నింగ్స్‌లో ఇద్దరు ఔటయ్యాక, బుచ్చన్న కొట్టిన బంతి కోటగోడ దాటి పడింది. వనపర్తివాళ్ళు తలలెత్తి చూస్తూ నిలబడిపోయారు."

నాయిన మగ్గం దూలం మీద చేత్తో కొట్టాడు. "నేను చెప్తలేనా! వాడు ఆఖర్ల కొడ్తడు. నువ్వు వాణ్ణి కూచోబెడ్తనంటివి."

"ఇంక కూచోబెట్టలే నాయినా. ఇంక పేర్లే పంపలే."

"మరి ఆట అయిపోయె గదా?"

"ఆట రేపు," అన్నాను.

అనేశాక నా మాట నాకే వినపడింది. ఫోన్ చూశాను. సందేశం లేదు. దాన్ని తొలగించినట్టు ఒక చిన్న వాక్యం మాత్రం ఉంది. కాసేపటికి అదే వార్త మళ్ళీ వచ్చింది, వనపర్తి ఆట లేకుండా. వెంటనే శ్రుతి నాకు విడిగా రాసింది: "తొందరల పాత వారం ముక్క కలిసిపోయిందే. పట్టించుకోకు."

పాత వారాల్లో మేం వనపర్తిని ఐదు–నాలుగుతో ఎప్పుడూ ఓడించలేదు.

నాయిన ఏమైందన్నాడు. ఏం లేదన్నాను. సాయంత్రం పేర్లు పంపాను. బుచ్చన్నను తీసేసి తిమ్మప్పను పెట్టాను.

ఆదివారం పొద్దున నుంచీ ఫోన్ చేతిలోనే పట్టుకుని ఉన్నాను. మధ్యాహ్నం వచ్చింది. గద్వాల ఐదు, వనపర్తి నాలుగు. తొమ్మిదో ఇన్నింగ్స్‌లో ఇద్దరు ఔటయ్యాక, తిమ్మప్ప కొట్టిన బంతి కోటగోడ దాటి పడింది. వనపర్తివాళ్ళు తలలెత్తి చూస్తూ నిలబడిపోయారు.

ఆ వార్త నేను పైకి చదవలేదు. మేం ఓడిన ఆదివారం అన్న గడపలో నిలబడి నన్ను చూసిన చూపు గుర్తొచ్చి, ఫోన్ బోర్లా పెట్టి అతని కోసం చూశాను. ఆదివారం కాబట్టి ఇంట్లోనే ఉన్నాడు. పిలిస్తే వచ్చాడు.

"అన్నా, శ్రుతికి ఏం చెప్పినవ్?"

దేని గురించి అని అన్న అడగలేదు. మంచం కోడు పక్కన నేలమీద కూలబడ్డాడు. అప్పుడే నాకు సగం తెలిసిపోయింది.

"రెండు ఆటలు ఓడంగనే నువ్వు కసరత్తు బంద్ వెట్టినవ్. అన్నం ముట్టకపోతివి. నాకు భయమైంది. ఫోన్ చేసి, జర గెలిపియ్యమ్మా అన్న. గంతే."

"గంతేనా? మిగిలినోళ్ళకు గూడ ఎరుకేనా?"

"ఆడేటోళ్ళందరికి ఎరుకే. శ్రుతి అడిగితే సరే అన్నరు."

అంటే హాస్టల్లో ఒకే కంచంలో తిన్న ఐదుగురూ, ప్రతి ఆదివారం నా గెలుపు చూసి చప్పట్లు పంపిన ఐదుగురూ. నేను జట్టు ఎలా కూర్చాలో వాళ్ళకు పాఠాలు చెప్పేదాన్ని. లింగాలవాళ్ళు ఎందుకు ఓడారో సింధూజకు గంటసేపు వివరించాను ఒకసారి. తను ఊ కొడుతూ విన్నది.

మగ్గం వైపు నుంచి నాయిన గొంతు వచ్చింది. "అంటే, బుచ్చన్న కొట్టినవన్ని?"

"శ్రుతి రాసినవి నాయినా," అన్నాను.

"అంతా ఉత్తదే గదా నాయినా," అన్నాడు అన్న. "అసలు మనుషులే లేరాయె."

"మనుషులు లేరని నాకెరుకలేదారా? నేనేం పిచ్చోన్ని గాదు." నాయిన నాడెను పక్కన పెట్టాడు. "ఆట ఉన్నదనుకున్న."

ఆ మాటకు అన్న తల దించుకున్నాడు. నాకు కోపం పెరిగింది.

"ఓడితే ఓడ్తుంటి. ఒక ఆట ఓడిపోతే నేనేమైత అనుకున్నవ్? సస్త అనుకున్నవా?"

"ఆట గురించి గాదు బిడ్డా," అంది అమ్మ.

"ఊకో అమ్మా," అన్నాడు అన్న.

"ఎన్ని పొద్దులు ఊకోవాలెరా? డాక్టరు గట్ల చెప్పినంక, ఇంక దీనికి ఏం చూపిస్తే నవ్వుతదో తెల్వకనే గదా గిదంతా."

నేను మోచేతులు ఆనించి మంచం మీద లేచి కూచున్నాను.

"ఏం చెప్పిండు డాక్టరు?"

 నేను అన్నను చూశాను. బండి తనే నడిపాడు. అందుకే తనే చెప్పాలనుకున్నాడేమో, చివరికి నోరు తెరిచాడు.

"మోకాలు సగమే ముడుస్తదంట. నడుస్తవ్. మెట్లెక్కుతవ్. గొంతుక్కూచునుడు మాత్రం..." ఆగాడు. "కాదంట. ఎప్పటికి."

"దసరాకు అంటివి."

"నేనే అన్న. డాక్టరు అనలే."

నేను నా కాలు చూసుకున్నాను. రోజూ చూస్తున్నదే. కుట్ల గుర్తులు గులాబీరంగు నుంచి గోధుమరంగులోకి మారుతున్నాయి. ఏడుపు వస్తుందని ఎదురుచూశాను, రాలేదు. నాకు గుర్తొచ్చింది వేరే.

"అమరచింత మేడం ఫోన్ చేసిన నాడు," అన్నాను, "మీరు ముగ్గురు ఈడనే ఉన్నరు."

అమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుంది. నాయిన గుంతలోంచి లేవబోయి, మళ్ళీ కూచున్నాడు. ఆ రోజు ఇంక మగ్గం ఆడలేదు.

సోమవారం అమరచింతకు ఫోన్ చేశాను. హెడ్‌మిస్ట్రెస్ నొచ్చుకుంది. పోయిన వారమే ఒకమ్మాయిని తీసుకున్నారట. "అప్పుడే ఒక మాట అని ఉంటే ఆగేవాళ్ళం కదమ్మా," అంది. నిజమే మేడం అన్నాను.

ఆ తర్వాత కొన్నాళ్ళు ఇంట్లో నేను అవసరానికి మించి ఒక్క మాట మాట్లాడలేదు. అమ్మ రొట్టె పెడితే తిన్నాను. కసరత్తు కూడా మానలేదు. సగం ముడిచే కాలైనా నా కాలే. అన్న పొద్దున దుకాణానికి పోయేముందు మంచం పక్కన నిలబడి, ఏదో ఒకటి అడిగేవాడు. నీళ్ళు కావాలా, పంకా పెంచాలా అని. నేను తల అడ్డంగా ఊపేదాన్ని. శ్రుతి ఫోన్లు ఎత్తలేదు.

ఎత్తకపోతే తనే వచ్చింది. బిజినేపల్లి నుంచి రెండు బస్సులు మారి, మిట్టమధ్యాహ్నం, చున్నీ తలకు చుట్టుకుని గడపలో నిలబడింది. అమ్మ నీళ్ళిచ్చి, నాయినను కేకేసి, ఇద్దరూ బయటికి వెళ్ళిపోయారు.

"తిట్టు," అంది శ్రుతి.

"కాలు సంగతి నీకెప్పుడు ఎరుక?"

నేల చూసింది. "మొదటి నుంచి."

"లాప్‌టాప్ పట్టుకొని వచ్చిన నాడు గూడనా?"

"అన్న దవాఖాన నుంచే ఫోన్ జేసి ఏడ్చిండే. నువ్వు ఖాళీగుంటే పరేషాన్ అయితవ్, ఏదన్న జెయ్యమ్మా అన్నడు. అందుకే లీగు. కాని తర్వాత నాక్కూడ ఇష్టమయ్యింది, ఒట్టు. ప్రతి శనివారం కూచుని, ఈ వారం నిన్నెట్ల గెలిపియ్యాల్నో ఆలోచించుకుంట రాస్తుంటి. ఒక్కోసారి నేనే నమ్మేదాన్ని."

"నేను గూడ నమ్మిన."

"నువ్వు నవ్వుతున్నవని అన్న చెప్పేటోడు. ఇంక ఆపబుద్ది గాలే."

"శ్రుతీ, ఇన్నేండ్లు నీ బంతి పట్టిన. నేనొక సైగ జేస్తే నువ్వు ఇంకో బంతి ఎప్పుడన్న ఏసినవా?"

"లే."

"ఎందుకెయ్యలే?"

తను నా వేళ్ళ వైపు చూసింది. "నీ వేళ్ళు ఇరుగుతుండె," అంది.

అప్పుడు ఏడ్చింది. మామూలుగా అయితే దగ్గరికి తీసుకునేదాన్ని. హాస్టల్లో తను ఏడిస్తే నా భుజమే తడిచేది. ఆ రోజు నా చేతులు నా ఒళ్ళోనే ఉన్నాయి. తను కళ్ళు తుడుచుకునేదాకా చూసి, "లీగు బంద్ కాదు," అన్నాను.

నమ్మలేనట్టు చూసింది.

"మిగిలిన సగం కంప్యూటర్ ఆడాలె. నువ్వు తెర చూపియ్యాలె, అందరం ఫోన్ల చూస్తం. వార్తలు నేను రాస్త."

"నన్ను ఒక్కసారి గూడ రాయనియ్యవా?"

"లే."

తను వెళ్ళాక గ్రూపులో నా మొదటి వార్త పెట్టాను.

"పాలమూరు లీగ్, అర్ధ సీజన్ వార్తలు. మొదటి సగం ఫలితాలన్నీ రద్దయ్యాయి. మూడో వారం నుంచీ అవి ఆడినవి కావు, రాసినవి. అగ్రస్థానంలో ఎవరూ లేరు. వచ్చే ఆదివారం అన్ని జట్లూ సున్నా దగ్గర మొదలవుతాయి. గద్వాలలో ఉండే వనజ ఇక క్యాచర్‌గా ఆడదు. ఈ సంగతి అందరికన్నా చివర ఆమెకే తెలిసింది."

 సాయంత్రం సింధూజ లింగాల నుంచి ఫోన్ చేసింది. క్షమించమని చుట్టూ తిప్పి చెప్పి, చివర్లో ఉండబట్టలేక, "నిజంగ ఆడుంటే నిన్ను ఎప్పుడో చిత్తుగ ఓడగొడ్తుంటినే," అంది.

"ఓడగొట్టు సూద్దాం."

ఓడగొట్టింది. జూన్ మొదటి ఆదివారం లింగాల ఎనిమిది, గద్వాల ఒకటి. ఆ ఆట చూడటానికి నాయిన గుంతలోంచి లేచి వచ్చి నా మంచం అంచున కూచున్నాడు. తెర మీద బొమ్మలేవీ ఉండవు. ఒక్కో బంతికి ఒక్కో వరుస అక్షరాలు వస్తాయి. నేను చదివి చెబుతుంటే నాయిన ఫోన్ వైపే చూశాడు. బుచ్చన్న మూడుసార్లు వచ్చి మూడుసార్లూ బంతి తాకకుండానే వెనక్కి పోయాడు.

"ఏమన్న కొట్టిండా?"

"లే నాయినా."

"గంతే వాడు." నాయిన గొంతు సవరించుకున్నాడు. "బతికున్నప్పుడు గూడ పొద్దుగూకేదాక గప్పాలు కొట్టి, సాయంత్రానికి జానెడు నేసేటోడు." నవ్వబోయాడు. నవ్వు సగంలోనే ఆగి, కళ్ళ మీదికి కండువా పోయింది. "బిడ్డా, నీకు చెప్పకపోవుడు తప్పే. ఆ మేడం ఫోన్ చేసినప్పుడు చెబ్దామనే మగ్గం ఆపిన. నోరు రాలే."

 పరవాలేదు అనడం అబద్ధమయ్యేది. ఆ ఇంట్లో ఇంకో అబద్ధం ఆడే ఓపిక నాకు లేదు.

లీగు జూలై చివరిదాకా సాగింది. లింగాల గెలిచింది. మేం ఐదో స్థానంలో ఆగాం. ఎవరు గెలిచారో, ఎవరు ఓడారో ఉన్నదున్నట్టు రాశాను. గాలి గురించీ కోటగోడ గురించీ రాయడం నాకు చేతకాదు. వీధిలోవాళ్ళు నీళ్ళకొచ్చి, మనోళ్ళకు ఏం రోగమొచ్చిందని అడిగేవాళ్ళు. ఇంతకుముందే రోగముండె, ఇప్పుడు బయటపడ్డదని నాయిన చెప్పేవాడు. శ్రుతి ప్రతి ఆదివారం సరిగ్గా సమయానికి తెర తెరిచింది. ఆట గురించి అడిగితే చెప్పాను. ఇంకేదైనా అడగబోతే ఫోన్ పెట్టేశాను.

ఆగస్టులో వానలు పట్టాక కర్నూలు వెళ్ళాం, నేనూ అన్నా, బస్సులో. నేను చేతికర్రతో నడుస్తున్నాను అప్పటికి. డాక్టరు ఎక్స్‌రే వెలుగుకు పెట్టి చూశాడు. నా మోకాలు పట్టుకుని ముడిచాడు, చాచాడు. తర్వాత అన్న వైపు తిరిగి, "నరేందర్ గారూ, ఒక్క నిమిషం బయటికి రండి," అన్నాడు.

అన్న లేవబోయాడు.

"కూచో అన్నా," అన్నాను. "ఇక్కడే చెప్పండి డాక్టర్ గారూ. కాలు నాది."

డాక్టరు ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. అన్న మెల్లగా కూచున్నాడు. డాక్టరు తన కుర్చీని నా వైపు జరుపుకుని, ఎక్స్‌రే మీద వేలు పెట్టి, మొదటి నుంచీ చెప్పాడు. ఎముక ఎక్కడ పగిలిందో, గుజ్జు ఎక్కడ అరిగిందో, ఎంతవరకు ముడుస్తుందో, ఎక్కడ ఆగిపోతుందో. చెప్పింది అన్న చెప్పినదే. కాని ఈసారి నేను విన్నాను. నిలబడి బంతి విసరొచ్చా అని అడిగాను. విసరొచ్చు, ఒంటికాలి మీద బరువు వేయకు, అన్నాడు. పరుగెత్తొచ్చా అని అడిగాను. వద్దన్నాడు.

బయటికొచ్చాక దవాఖాన మెట్లు వానకు తడిసి ఉన్నాయి. అన్న చెయ్యి చాచాడు. నేను కర్ర ఒక చేతిలోకి తీసుకుని, రెండో చేత్తో గోడకున్న ఇనుప గొట్టం పట్టుకుని దిగాను. అన్న చెయ్యి దించేశాడు. నాకన్నా ఒక మెట్టు కింద ఉండి, నాకు అడ్డం రాకుండా, వెనక్కి చూసుకుంటూ దిగాడు.